పల్లెటూరి ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో చేరితే పని వస్తుందా?

"మా చెల్లికి ఒక చిన్న పల్లెటూరి ఆసుపత్రి స్కూల్లో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) సీటు వచ్చింది. అక్కడ మానిటర్లు, వెంటిలేటర్లు ఏమీ ఉండవట. చేర్చమంటారా, పెద్దాసుపత్రి కాలేజీ కోసం ఇంకో ఏడాది ఆగమంటారా?" అని అడిగారు.

చేర్చెయ్యండి. నేను చదివింది అలాంటి స్కూల్లోనే. ఇప్పుడు చేస్తున్నది పెద్దాసుపత్రి ఐసీయూలో. రెండూ చూసినదాన్ని కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నా, మానిటర్ లేని చోట పని నేర్చుకున్న పిల్లకే మానిటర్ ఎప్పుడు అబద్ధం చెబుతుందో తెలుస్తుంది. కాదనేవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి.

మొదటి ఏడాది పెద్ద గొప్పగా ఏమీ ఉండదు. చీకటితోనే లేచి వార్డుకెళ్లి పక్కలు సర్దడం, టీపీఆర్ (ఒంటి వేడి, నాడి, ఊపిరి) చార్టులు నింపడం, మధ్యాహ్నం కూర్చుని గాజుగుడ్డ కత్తిరించి మడతలు పెట్టి డ్రమ్ముల్లో సర్ది, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌కి పంపడం. సెలైన్‌కి పంపులుండవు, వాచీ చూస్తూ చుక్కలు లెక్కపెట్టాలి. మిల్లీలీటరుకి 20 చుక్కలు పడే సెట్టుతో అర లీటరు సెలైన్ 8 గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి 21 చుక్కలు. ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెబుతాం. పంపు మీద నంబరు నొక్కడం మాత్రమే నేర్చుకున్న పిల్లలు, కరెంటు పోయిన రోజు నా మొహం చూస్తారు.

ఇక అసలు సంగతి. వానాకాలం, నైట్ డ్యూటీ. తెల్లవారుజామున ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. నేల మీద పడుకున్నాడట, నిద్రలో ఏదో కుట్టినట్టు అనిపించిందట. కడుపునొప్పి, ఒక వాంతి. వాపు లేదు, వెతికినా గాటు కనబడలేదు. "ఏదో పురుగులే సిస్టరమ్మా, నొప్పికి ఓ సూదేసి పంపించెయ్యండి" అన్నాడు వాళ్ల నాన్న.

మా స్టాఫ్ సిస్టర్ ఆయన మాట విన్నట్టే లేదు. పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబు తెమ్మంది, 2 మిల్లీలీటర్ల రక్తం తీసి అందులో పోసింది, 20 నిమిషాలు ఎవరూ కదపొద్దంది. ప్లాస్టిక్ ట్యూబైనా, సబ్బుతో కడిగిన ట్యూబైనా ఈ పరీక్షకి పనికిరాదు, ఆ గాజు తగిలితేనే రక్తం సరిగ్గా గడ్డకడుతుంది. టైమయ్యాక వంచి చూస్తే రక్తం జారలేదు, గడ్డకట్టింది. ఇంటివాళ్లు హమ్మయ్య అనుకుని చెప్పులేసుకున్నారు.

"గడ్డకట్టిందంటే రక్తపింజర విషం కనబడలేదని, అంతే. కట్లపాము రక్తం జోలికి పోదు పెద్దాయనా, నరాల మీదికి పోతుంది. దాని గాటు కనబడను కూడా కనబడదు" అని వాళ్లని కూర్చోబెట్టి, డాక్టరుగారికి కబురు పంపి, నా వైపు తిరిగింది. "నువ్వు ఈ స్టూలు మీంచి లేవకు. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు చెబుతాడో చెప్పించు. రాసుకో. కాసేపాగి మళ్లీ చెప్పించు."

మొదటిసారి వాడికి నవ్వొచ్చింది. బళ్లో ఎక్కాలు అప్పజెప్పినట్టు 32 దాకా చెప్పాడు. తర్వాత 26. ఆ తర్వాత 19, గొంతు కాస్త ముక్కుతో మాట్లాడినట్టు మారింది. పైకి చూడమంటే కనుబొమలు ఎగరేసి, నుదురంతా ముడతలు పడేలా చేసి, గడ్డం పైకెత్తి చూస్తున్నాడు. రెప్పలు లేవకపోతే మనిషి అలాగే తల వెనక్కి వాలుస్తాడని అప్పుడు చూశాను. వార్డంతటికీ ఉన్న ఒకే ఒక్క పల్స్ ఆక్సీమీటర్ వాడి వేలికే ఉంది. 97 అని చూపిస్తోంది. వాళ్ల నాన్న దాన్నే చూస్తూ "బాగానే ఉందిగా" అంటున్నాడు. వేలి మీది అంకె కదల్లేదు, నోటి అంకె పడిపోతూనే ఉంది.

డాక్టరుగారు వచ్చి నా కాగితం చూసి పాము విషానికి విరుగుడు మందు పెట్టమన్నారు. 10 వయల్స్ (చిన్న సీసాలు), అన్నీ పొడి. నీళ్లు కలిపి గబగబా ఊపితే నురగ కడుతుంది, అందుకని ఒక్కొక్కటీ మెల్లగా తిప్పుతూ కరిగించాలి. మందు ఒంటికి పడకపోతే దద్దుర్లు, ఆయాసం రావచ్చని అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టాం. మందు ఎక్కించినా, నరాన్ని అప్పటికే పట్టిన కట్లపాము విషం వెంటనే వదలదు. నోటి అంకె 11 దగ్గరే ఆగిపోయేసరికి డాక్టరుగారు గొంతులోకి ఊపిరి ట్యూబు వేశారు. 108లో పెద్దాసుపత్రి దాకా సిస్టర్, నేను మార్చి మార్చి ఆంబూ (చేత్తో ఊపిరి అందించే సంచి) నొక్కుతూ పోయాం, అయిదారు సెకన్లకోసారి. అక్కడ వెంటిలేటర్ మీద పెట్టారు. బతికాడు. తర్వాత నడుచుకుంటూ వచ్చి కనబడి పోయాడు.

ఆక్సిజన్ అంకె పడేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు ఐసీయూలో కొత్త పిల్లలకి చెబుతుంటాను. ఊపిరి తీసే కండరాలు సడలిపోతున్నా ఆ అంకె చాలాసేపు బాగానే ఉంటుంది, పడిందంటే మాత్రం ఒక్కసారిగా పడుతుంది.

ఆ కేసే నా కేస్ స్టడీగా రాశాను. ఊపిరి అంకెలకి రికార్డులో గడి లేదని మార్జిన్‌లో రాస్తే, మా ట్యూటర్ ఎర్రపెన్నుతో కొట్టేసి "నీట్‌నెస్" అని రాసింది. జీఎన్ఎంలో నన్ను ఏడిపించింది నైట్ డ్యూటీలు కాదు, ఈ రికార్డులే. సీనియర్ల దాంట్లోంచి దించుకున్న నర్సింగ్ డయాగ్నోసిస్‌లకి (రోగి ఇబ్బందుల మీద నర్సు రాసే అంచనా) సంతకాలు పడతాయి, కళ్లారా చూసి రాసినదానికి గీత పడుతుంది. మళ్లీ మే 12 వస్తే చాలు, నర్సింగ్‌కి ఆద్యురాలైన నైటింగేల్ పుట్టినరోజని మా చేతుల్లో దీపాలు పెట్టి ఉపన్యాసాలు. ఆవిడ అంకెలు, పట్టికలు చేత్తో రాసి సైన్యంతో కొట్లాడిన మనిషని ఒక్కరూ చెప్పరు.

చిన్న స్కూల్లో లోట్లు లేవని కాదు. మానసిక వైద్యం, ఐసీయూ లాంటి పోస్టింగులకి వేరే ఆసుపత్రికి పంపుతారు, ఎక్కడికి పంపుతారో ముందే అడగండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలి, మంచాలు ఖాళీగా కనబడితే ఆలోచించుకోండి. స్టేట్ కౌన్సిల్ గుర్తింపు కాగితం కళ్లతో చూడండి, ప్రిన్సిపాల్ నోటిమాట చాలదు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడి సెకండియర్ పిల్లని పక్కకి పిలిచి "రాత్రి డ్యూటీలో మీతోపాటు స్టాఫ్ సిస్టర్ ఉంటుందా?" అని అడగండి. ఉండదంటే అది స్కూలు కాదు, జీతం లేని కొలువు. అక్కడ మాత్రం చేర్చకండి.

ఉంటుందంటే, చెల్లికి సెకన్ల ముల్లున్న వాచీ ఒకటి కొనివ్వండి. నాడి లెక్కపెట్టడానికి ఫోన్ తీసిందంటే వార్డులోంచి బయటికి పంపించేస్తారు. మా సిస్టరైతే ఫోన్ కూడా లాక్కునేది.