కొత్త బాత్రూము కారుతుంటే, కాంట్రాక్టర్ తప్పు ఒప్పుకోకపోతే: మా ఇంట్లో జరిగింది

పై అంతస్తు బాత్రూముకు కొత్త టైల్స్ వేయించిన నెలకే కింద గది కప్పు చెమ్మగిల్లిందనీ, కాంట్రాక్టర్ తప్పును పాత పైపుల మీదికి నెడుతున్నాడనీ రాశారు. వేరే మేస్త్రిని పిలిచి పగలగొట్టించాలా అని అడిగారు. దయచేసి ఇప్పుడే పగలగొట్టించకండి. నీరు ఎక్కడినుంచి దిగుతోందో తేలకముందే తవ్వేస్తే, మీకున్న రుజువు ఆ పెంకుల్లోనే పోతుంది.

2022లో విజయవాడలో మా ఇంట్లోనూ ఇదే జరిగింది. అమ్మ మంచం మీద కప్పు పెచ్చులు రాలేవి. ‘పైపులు నేను ముట్టుకోలేదు, అవి పాతవి’ అన్నదే మా కాంట్రాక్టర్ మాట. నేను కేకలు వేశాను, ఆయనా వేశాడు. తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు.

మా వీధిలో ఉండే విశ్రాంత ఇంజినీరు గారు చెప్పాక కాంట్రాక్టర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. ఎంత చెల్లించానో, ఏం పాడైందో ఫొటోలతో సహా రాసి, ఫలానా రోజు పరీక్ష చేస్తున్నాం, మీరూ ఉండండి అన్నాను. 15 రోజుల్లో బాగుచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని కూడా రాశాను. ఆయన వచ్చాడు.

అంతకుముందే చెమ్మ అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాం. మూడు రోజులు ఆ బాత్రూము ఎవరూ వాడలేదు, కుళాయిలకు నీరు మాత్రం ఆపలేదు. నీళ్లు వచ్చే పైపే కారుతుంటే వాడకం లేకపోయినా చెమ్మ పెరగాలి. పెరగలేదు. ఆ తర్వాత ఆయన ఎదుటే, నీరు పోయే కన్నంలో పాలిథిన్ చుట్టిన గుడ్డ కూరి, నేల మీద రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టాం. మర్నాటికి చెమ్మ గీత దాటి జానెడు పాకింది. గోడా నేలా కలిసే మూలల్లో వాటర్‌ప్రూఫింగ్ పూయనే లేదని ఆయన మేస్త్రే చెప్పాడు.

కూలి, వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు ఆయనది, టైల్స్ ఖర్చు చెరిసగం అనుకున్నాం. ఆ సగం మనమెందుకు భరించాలని నా భార్య ఇప్పటికీ అంటుంది. ఆమె మాటే న్యాయం. కానీ వానాకాలం ముంచుకొస్తోంది, అమ్మ హాల్లో పడుకుంటోంది, ఒప్పుకున్నాను. కొత్త పూత ఆరాక 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద కప్పు పొడిగా ఉందని చూసుకున్నాకే టైల్స్ వేయనిచ్చాను.

నేను 40,000 రూపాయలు ఆపి ఉంచాను కాబట్టి ఆయన పని పూర్తిచేశాడు. మీరు మొత్తం ఇచ్చేశారు కనుక మీకు 2019 వినియోగదారుల రక్షణ చట్టమే బలం. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ వింటుంది, 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు నివసించే జిల్లాలోనే, రెండేళ్ల లోపు, వకీలు లేకుండానే ఫిర్యాదు చేయవచ్చు. సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

నగదుకు రసీదు లేదన్నారు. ఏ తేదీన ఎంత ఇచ్చారో, పని ఇప్పుడెలా ఉందో ఆయనకు వాట్సాప్‌లో మర్యాదగా రాసి జవాబు అడగండి. డబ్బు ముట్టలేదని అనకుండా పని గురించే వాదిస్తే, ఆ జవాబు మీకు పనికొస్తుంది. కప్పు మీద గీత మాత్రం ఈ రోజే గీసేయండి.