ఓల్డ్స్‌మొబైల్ కార్లు ఎందుకు ఆగిపోయాయి?

అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ (జీఎం) తన బ్రాండ్లన్నిటినీ ఒకేలా తయారుచేస్తూ పోవడంతో ఓల్డ్స్‌మొబైల్ ప్రత్యేకత పోయింది, కొనేవాళ్లు తగ్గారు, 2004లో అది మూతపడింది.

జీఎం పద్ధతి మెట్ల వరస లాంటిది. కింద షెవ్రొలే, పైన కాడిలాక్. జీతం పెరిగేకొద్దీ మనిషి ఒక్కో మెట్టూ ఎక్కాలి. మధ్య మెట్టు మీదున్న ఓల్డ్స్‌మొబైల్‌కి కొత్త టెక్నాలజీ ముందుగా వచ్చేది: 1940 మోడల్‌లో గేర్లు వాటంతట అవే మారే హైడ్రామాటిక్, 1949లో ఎనిమిది సిలిండర్ల రాకెట్ వీ8 ఇంజిన్. ఆ పేరుకు అంత గౌరవం దక్కింది అందుకే. 1976లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు దీని కట్లస్ మోడలే.

తర్వాత ఖర్చు తగ్గించడానికి బ్రాండ్ల మధ్య బాడీలు, ఇంజిన్లు పంచుకోవడం మితిమీరింది. 1982లో వచ్చిన కట్లస్ సియెరా పక్కన షెవ్రొలే వాళ్ల సెలబ్రిటీ కారుని నిలబెట్టి చూడండి. డోర్లు, పైకప్పు దాదాపు అవే. మారింది ముందు గ్రిల్, వెనక లైట్లు, లోగో. అలాంటప్పుడు ఎక్కువ డబ్బు దేనికి పెట్టాలి? 1980ల మధ్యలో అమ్మకాలు ఏడాదికి 10 లక్షలు దాటినా, పేరు మీద నమ్మకం లోపల్లోపల కరిగిపోతూనే ఉంది. టొయోటా, హోండా ఆ ఖాళీలోకి వచ్చేశాయి.

జీఎం 2009 దివాలాలో ఇది పోయిందని చాలామంది అనుకుంటారు. అప్పుడు ఆపేయాలని నిర్ణయించింది జీఎం మరో బ్రాండ్ పాంటియాక్‌ని. ఓల్డ్స్‌మొబైల్ సంగతి 2000 డిసెంబరులోనే ప్రకటించారు. చివరి కారు అలీరో 2004 ఏప్రిల్ 29న, 1897లో ఓల్డ్స్‌మొబైల్ పుట్టిన లాన్సింగ్ నగరంలోనే తయారైంది.