వాచీ రాసిన నిద్ర లెక్క: ఇదీ ఒక కెరీరేనా?

ప్రశ్న: మా పెద్దమ్మాయి గవర్నమెంటు ఆసుపత్రిలో హౌస్ సర్జన్. ఒక్కోసారి డ్యూటీ 24 గంటలు దాటుతుంది. అబ్బాయి బీటెక్ ఈసీఈ మూడో ఏడు. అక్క స్మార్ట్‌వాచ్‌లోని నిద్ర లెక్కలు తీసి ఏదో ప్రాజెక్టు మొదలుపెట్టాడు. ఇదే తన కెరీర్ అంటున్నాడు. ఉద్యోగాలుంటాయా? సాఫ్ట్‌వేర్‌కే పొమ్మనాలా?
– ఒక తల్లి, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: అమ్మా, డాక్టర్ల నిద్ర కొలిచే పోస్టంటూ ఏ ఆసుపత్రిలోనూ ఉండదు. ఆ పని కోసం నేర్చుకునే చదువుకు మాత్రం గిరాకీ ఉంది. ముందు మీ అబ్బాయిని ఒక్కటి అడగండి: అక్క నైట్ డ్యూటీ చేసిన రోజు వాచీ ఏం చూపించింది?

వాచీకి నిద్ర సంగతి తెలియదు. చెయ్యి కదిలిందా లేదా తెలుసు, చర్మం మీద పచ్చ లైటు వేసి నాడి చూడటం తెలుసు. మిగతాది అంచనా. తెల్లవారుజామున మూడింటికి ఐసీయూలో మానిటర్ ముందు కదలకుండా కూర్చుంటే నిద్ర కింద రాసేయొచ్చు. డ్యూటీ రూమ్‌లో తీసిన అరగంట కునుకు లెక్కలోకే రాకపోవచ్చు. నిద్రను కచ్చితంగా తేల్చేది పాలీసోమ్నోగ్రఫీ. మెదడు తరంగాలు, కంటి కదలికలు, కండరాల బిగువు అన్నీ వైర్లతో రికార్డు చేస్తారు. ఆ వైర్లతో క్యాజువాలిటీలో తిరగలేరు కదా! అందుకే పరిశోధకులు చేతికి యాక్టిగ్రాఫ్ (కదలికల్ని రికార్డు చేసే వాచీలాంటి పరికరం) కట్టి, పక్కన నిద్ర డైరీ కూడా రాయిస్తారు.

అమెరికాలో జూనియర్ డాక్టర్లకు 2003 నుంచి వారానికి 80 గంటల పరిమితి ఉంది. అక్కడ ఐకంపేర్ అనే అధ్యయనంలో ఇంటర్న్‌లకు 14 రోజులు యాక్టిగ్రాఫ్ కట్టి, రోజూ ఫోన్లో చురుకుదనం పరీక్ష పెట్టారు. 2019లో ఫలితాలొచ్చాయి. వారం పరిమితి అందరికీ ఉన్నా, ఒక్కో షిఫ్టు నిడివికి పరిమితి ఉన్నవాళ్లకీ, లేనివాళ్లకీ సగటున రోజుకు దాదాపు 7 గంటల నిద్రే. కానీ పరిమితి లేనివాళ్లు రాత్రంతా సాగే డ్యూటీల్లో బాగా తక్కువ నిద్రపోయి, ముందూ వెనకా రోజుల్లో పూడ్చుకున్నారు. సగటు ఒక్కటే చూస్తే ఇది కనబడదు. మీవాడు నేర్చుకోవాల్సింది ఇదే. యాప్ ఎవరైనా చేస్తారు.

ఈసీఈ మంచి పునాదే. సిగ్నల్ ప్రాసెసింగ్, పైథాన్, బయోస్టాటిస్టిక్స్ గట్టిగా చదవమనండి. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఆ డిపార్ట్‌మెంటూ ఉంది. ఉద్యోగాలంటారా, వైద్య పరికరాల కంపెనీల్లో, క్లినికల్ రీసెర్చ్‌లో ఉంటాయి. సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్క్ మనకు దగ్గరే. ఈలోగా క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ వస్తే వదులుకోమని నేను చెప్పను. ఫీజులు కట్టేవాళ్ల టెన్షన్ నాకు తెలుసు. రెండేళ్లు పనిచేసి ఎంటెక్‌కు వెళ్లినవాళ్లు బోలెడుమంది.

ప్రాజెక్టు మాత్రం ఆపించకండి. రెండు వారాలు డ్యూటీ రోస్టర్, చేత్తో రాసిన డైరీ, వాచీ లెక్క మూడూ పక్కపక్కన పెట్టి, వాచీ ఎక్కడెక్కడ తప్పిందో పట్టిక వేయమనండి. ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకన్నా మంచిది దొరకదు.

ఒక జాగ్రత్త. డ్యూటీలో కునుకు తీసిన టైములు ఆ డేటాలో ఉంటాయి. అవి డిపార్ట్‌మెంటులో ఎవరి కంటైనా పడితే మాటలు పడేది మీ అమ్మాయే. ఆమె స్నేహితుల్నీ కలుపుకోవాలంటే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ముందు అక్కనే అడగమనండి. వద్దంటే ఇంకో ప్రాజెక్టు చూసుకోవడమే.