ఘాట్ దిగేటప్పుడు మెత్తబడే బ్రేక్: పాత అంబాసిడర్‌కు ఏ ఫ్లూయిడ్?

అన్నా, తిరుమల నుంచి దిగేటప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోయి, చల్లారాక మళ్లీ గట్టిపడుతోందన్నారు కదా, అది బ్రేక్ ఫ్లూయిడ్ మరగడమే. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే లైనింగ్ (రుద్దుకుని చక్రాన్ని ఆపే పొర) వేడెక్కినట్టు, అది వేరే సంగతి. తేమ పీల్చిన డాట్ 3 రకం ఫ్లూయిడ్‌కి మరిగే హద్దు 140 డిగ్రీలే. డాట్ 4కి 155, కొత్తదైతే 230. అందుకే డాట్ 4 పోయండి. సిలికాన్ డాట్ 5 మాత్రం వద్దు, పాతదాంతో కలవదు.

సీల్ తీయని డబ్బానే కొనండి. పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి, బుడగలు ఆగి కొత్త ఫ్లూయిడ్ వచ్చేదాకా నాలుగు చక్రాలూ బ్లీడ్ చేయించండి, అంటే లోపలి పాత ఫ్లూయిడ్, గాలి బయటికి తీయించండి; మధ్యలో ఫ్లూయిడ్ పోసే రిజర్వాయర్ ఖాళీ అయితే గాలి దూరి పని మళ్లీ మొదటికొస్తుంది. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోయండి. రెండేళ్లకోసారి మార్చాలి.