మారిషస్ డోడో బంగారు నాణెం కొనుక్కోవచ్చా?

"మారిషస్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు డోడో పక్షి బొమ్మ ఉన్న బంగారు నాణెం తెస్తానంటున్నాడు, పెట్టుబడిగా మంచిదేనా?" అని అడిగారు. తెమ్మనండి. పెట్టుబడి అన్న మాట మాత్రం పక్కన పెట్టేయండి.

మా బావ మారిషస్‌లోనే క్యాత్ర్ బోర్న్ అనే ఊళ్ళో చాలా ఏళ్ళు పనిచేశాడు. అక్కడ తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తారు. ఒక ఉగాదికి అక్క కోసం పావు ఔన్సు నాణెం కొన్నాడు. ఇవి 1988 నుంచి వస్తున్నాయి. అమ్మేది బ్యాంక్ ఆఫ్ మారిషస్, అంటే వాళ్ళ రిజర్వు బ్యాంకు. ఔన్సు, అర, పావు, పదో వంతు సైజుల్లో దొరుకుతాయి. ఒకవైపు డోడో, రెండోవైపు స్వతంత్ర మారిషస్ మొదటి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్. అంతా 22 క్యారెట్లే. పావు ఔన్సుది తూకం వేస్తే ఎనిమిదిన్నర గ్రాములు తూగుతుంది, మన కాసు మీద ఓ అర గ్రాము ఎక్కువ.

అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఏదైనా చేయిద్దామని ఆ నాణెం పట్టుకుని తెనాలిలో తెలిసిన షాపుకి వెళ్ళాం. యజమాని దాన్ని ప్లాస్టిక్ డబ్బీలోంచి తీసి, బొటనవేలితో రుద్ది, ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పాడు. "ఇదేం బాతమ్మా?" అన్నాడు. బాతు కాదండీ, డోడో, ఆ జాతే అంతరించిపోయింది అన్నాను. "ఆ ఒళ్ళేసుకుని ఎట్లా బతుకుద్దిలే" అని నవ్వి, నాణెం మీద ఉన్న 250 రూపాయల అంకె చూసి "రేటు కూడా వేశారే, ఇచ్చెయ్యమంటారా?" అన్నాడు. అలా నవ్విస్తూనే గీటురాయి తీసి అంచు రుద్దబోయాడు. అక్క గభాల్న ఆయన చెయ్యి పట్టేసుకుంది! చివరికి మిషన్‌లో పెట్టారు. 916 కంటే కాస్త ఎక్కువే చూపించింది. అయినా ఆయనేమన్నాడో తెలుసా? "హాల్‌మార్క్ లేదు కదమ్మా, పాత బంగారం కిందే తీసుకుంటా. కాదంటే పైన రింగు అతికించి లాకెట్ చేసిస్తా. పిల్ల మెళ్ళో బాతు ముద్దుగా ఉంటుంది."

మన బజార్లో డోడోకి దక్కే మర్యాద అంతే. మీరు కొన్నప్పుడు బంగారం ధర మీద కొంత అదనంగా పెడతారు, ఇక్కడ అమ్మితే ఆ అదనం ఎవడూ ఇవ్వడు. రింగు అతికిస్తే సేకరించేవాళ్ళు కూడా ముట్టుకోరు. యూట్యూబ్‌లో కొందరు "అరుదైన నాణెం, పదేళ్ళలో పదింతలు" అని ఊదరగొడుతుంటారు. అరుదైంది పక్షి నాయనా, నాణెం కాదు.

ఆ పక్షి కథ మాత్రం నాకు భలే ఇష్టం. 1598లో డచ్చివాళ్ళు ఆ దీవిలో దిగాక వందేళ్ళు కూడా నిలవలేదు పాపం. ఎగరలేదు, గుడ్డు నేల మీదే పెట్టేది, ఓడల్లో వచ్చిన పందులకీ ఎలుకలకీ అంతకంటే ఏం కావాలి? చూడ్డానికి బాతులా ఉన్నా అది పావురాల జాతిదే. బతికున్నవాటిలో దానికి అతి దగ్గరి చుట్టం మన నికోబార్ పావురం. పచ్చగా, రాగి రంగుతో ఎంత బాగుంటుందో! అంత చక్కటి పక్షిని పెట్టుకుని మనవాళ్ళు 2015లో ఇండియన్ గోల్డ్ కాయిన్ అని తెచ్చి దాని మీద అశోక చక్రం, గాంధీగారిని వేసి ఊరుకున్నారు. నోట్ల మీద చాలలేదా ఆయన?

సరే, మీ తమ్ముడి సంగతి. పావు ఔన్సుదే తెమ్మనండి, బిల్లూ డబ్బీ పారెయ్యొద్దనండి. విమానంలో వచ్చేవాళ్ళకి సుంకం మినహాయింపు నగలకే గానీ నాణేలకి వర్తించదు. అందుకని ఎయిర్‌పోర్టులో సుంకం కట్టేవాళ్ళు వెళ్ళే రెడ్ ఛానెల్‌కి వెళ్ళి చూపించి, కట్టాల్సింది కట్టేస్తే టెన్షన్ ఉండదు. ఆ సుంకం కూడా కలిపి చూసుకున్నాక ఇంకా పెట్టుబడే అంటారా, నాణెం వద్దు, ఆ డబ్బే పంపించమనండి.