పండ్ల కవర్ వద్దు బిడ్డా, టైముకి రా

బిడ్డా, నిన్న ఫోన్ల అడిగినవు గదా, "పెద్దమ్మా, ఇంట్ల జబ్బు మనుషులను చూస్కునే పిల్లల దగ్గరికి నువ్వు పోతవు గదా, నేను గూడ ఆదివారం ఆదివారం వస్త, కానీ దాంట్ల మనకేం వస్తది" అని. సిగ్గుపడుకుంట అడిగినవు గని అది అడగాల్సిన మాటనే. ఏం రాకుంటే అరవై దాటినంక మోకాళ్ల నొప్పులతోని హన్మకొండ నుంచి కరీమాబాద్ దాంక ఆటోలు మారుకుంట నేనెందుకు పోత చెప్పు.

ముందుగాల నేను చేసిన తప్పు చెప్త. మొదటిసారి పోయినప్పుడు చౌరస్తాల డజను అరటిపండ్లు, రెండు కొబ్బరిబోండాలు కొనుక్కొని పోయిన. ఆ ఇంటాయనకు కిడ్నీలు ఖరాబైనయ్, వారానికి మూడుసార్లు డయాలసిస్, పోయిన ప్రతిసారి నాలుగు గంటలు మెషిన్ మీద. తొమ్మిదో తరగతి పిల్ల తలుపు తీసి కవర్ చూసి మెల్లగ అన్నది, "ఇవి బాపు తినొద్దు టీచర్, పొటాషియం ఎక్కువుంటది" అని. నేను రిటైరయిన టీచర్ని, నాకు తెల్వదు, ఆ పిల్లకు తెలుసు. ఇంకో సంగతి, రోజుకి ఆయన ఎన్ని నీళ్లకు మించి తాగొద్దు అనేది సీసా మీద పెన్నుతోని గీత గీసి పెట్టింది. రోహిణి కార్తెల, మన వరంగల్ ఎండల, కన్నతండ్రి "ఒక్క గుక్క బిడ్డా" అని బతిమిలాడుతుంటే పద్నాలుగేండ్ల పిల్ల వద్దనాలె. వంట చేసుడు, బట్టలు పిండుడు ఎట్లనన్న చేస్తరు, అసలు బరువు గది. తల్లి ఏమన్న చేద్దామంటె ఎనుమాముల మార్కెట్ల మిర్చి పని, పొద్దున పోతె పొద్దుమీకి దగ్గుకుంట వస్తది, ఒక్కరోజు మానేస్తె ఆ రోజు కూలి పాయె.

ఇంగ్లండ్ల ఇట్లాంటి పిల్లలకు యంగ్ కేరర్స్ అని పేరే ఉన్నది, వీళ్లకేం అవసరమో లోకల్ కౌన్సిల్ చూడాలె అని 2014 చట్టంల రాసిన్రు. మన దగ్గర "మంచి పిల్ల" అంటరు గంతే. నేను గూడ ఒకప్పుడు మంచి పిల్లనే. పరకాలల మా నాయనమ్మకు పక్షవాతం వస్తే అమ్మ నాట్లకు పోయేది, ఏడో తరగతిల నేనే తినిపించుడు, పక్క తిప్పుడు, అన్నీ. మీ అమ్మ అప్పుడు చిన్నది, ఆమెకు యాదుండది. వాడకట్టంత బంగారు తల్లి బంగారు తల్లి అనేటోళ్లు, ఆ మాట ఇన్నప్పుడల్ల నాకు ఒళ్లు మండేది, ఎందుకంటె బంగారు తల్లి అన్నంక ఇగ నాకు చాతనైతలేదు అని చెప్పరాదు గదా, బతుకమ్మ ఆడొస్త అని అడగరాదు, ఒకరోజు నాయనమ్మ మీద గట్టిగ అరిచిన సంగతి ఎవ్వలకు చెప్పరాదు.

గందుకే నీకు నా మొదటి మాట, ఆ పిల్లను పొగడకు. పాపం అని అసలే అనకు. నిన్న ఎన్నింటికి పన్నవ్ అని అడుగు, క్లాసుల ఎవ్వలతోని లొల్లి అయ్యింది అని అడుగు. చెప్పకుంటె ఊకో. రెండు నెలలు ఏం చెప్పదు, మూడో నెల నువ్వు గిన్నెలు తోముతున్నప్పుడు వెనకనుంచి చెప్తది, అప్పుడు వెనక్కి తిరిగి చూడకు, తోముకుంటనే ఇను.

వారానికి ఒక్క గంటనే చాలు, కానీ చెప్పిన రోజు చెప్పిన టైముకి పోవాలె. రాలేకుంటె ముందురోజు రాత్రే ఫోన్ చెయ్. చుట్టాలు ఫస్ట్ నెల మస్తుగ వస్తరు, తర్వాత మాయమైతరు, ఆ పిల్లలు అది చూసి చూసి ఉన్నరు. ఫోటోలు దిగకు, స్టేటస్ పెట్టకు, పెడితె నేనే నిన్ను మళ్ల తీస్కపోను. తల్లిదండ్రులను అడగకుంట గడప తొక్కకు, ఆడపిల్ల ఉన్న ఇంటికి నువ్వు ఒక్కనివే పోకు, నేనన్న ఆశా వర్కరన్న తోడుండాలె. గోలీల జోలికి పోకు, మా ఊర్ల పసరు మందుంది అనేటి ముచ్చట అసలే వద్దు. పిల్లలను కొడుతున్నరు, ఇంట్ల ఏదో తేడాగ ఉన్నది అనిపిస్తె పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పు.

ఇగ కాయితాల పని. దీంట్లనే నువ్వు అందరికన్న ఎక్కువ పనికొస్తవ్, నీకు ఆన్‌లైన్ గిట్ల వస్తది గదా. కేంద్ర సర్కారు పిల్లల స్కీం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని ఉంటది, తల్లో తండ్రో పెద్ద జబ్బుతోని పిల్లలను సాకలేకుంటె పిల్లకు నెలకు 4,000, ఏడాది ఆదాయం ఊర్లల్ల 72,000, టౌన్ల 96,000 దాటొద్దు. డిస్ట్రిక్ట్ చైల్డ్ ప్రొటెక్షన్ యూనిట్ల అప్లికేషన్ ఇయ్యాలె. డయాలసిస్ వాళ్లకు గూడ మన తెలంగాణల 2022ల నెలకు 2,016 పింఛన్ పెట్టిన్రు. ఇన్‌కం సర్టిఫికెట్, బోనఫైడ్, ఆస్పత్రి కాయితాలు, బ్యాంకు బుక్కు, ఒక్కటి తక్కువున్నా వాపస్ పంపుతరు. ఒక ఆఫీసుల ఒక్క సంతకానికి మూడుసార్లు తిప్పిన్రు నన్ను, మూడోసారి స్టూల్ అడిగి అక్కడనే కూసున్న, సంతకం అయ్యింది. నేను కూసోకుంటె ఆ పిల్ల స్కూల్ ఎగ్గొట్టి నిలబడేది గదా ఆ లైన్ల. స్కూల్ల హెడ్మాస్టర్‌తోని గూడ మాట్లాడొచ్చు, లేటుగ వస్తే బయట నిలబెట్టకున్రి అని, కాని ముందు ఆ పిల్లను అడుగు, చాలామందికి క్లాసుల తెలిసుడు ఇష్టముండది.

నాకేం వచ్చింది అంటవా. ఒక బుధవారం డయాలసిస్‌కు బాపుతోని నేను పోత, నువ్వు ఇంట్ల చదువుకో అన్న. తిరిగొచ్చేసరికి పుస్తకం ముఖం మీద పెట్టుకొని చాప మీద గుర్రు పెట్టి పన్నది. వాళ్ల బాపు లేపబోతె నేను చెయ్యి పట్టుకొని ఆపిన. ఇద్దరం గడపల కూసున్నం చానసేపు, ఆయన మాట్లాడలే, నేను మాట్లాడలే. ముప్పై ఏండ్ల నౌకరిల ఎన్ని పిల్లల రిజల్టులు చూసిన, గంత తృప్తి యాడ కాలే నాకు.

ఇప్పుడైతే నన్నే తిడుతది. "పెద్దమ్మా నీకు ఎసరు పెట్టుడు రాదు, జరుగు" అంటది. టీచర్ అనుడు బందయ్యి ఎన్నడు పెద్దమ్మనైన్నో నాకే తెల్వదు. మొన్న సంక్రాంతికి సకినాలు చుట్టనని అలిగి కూసున్నది, దోస్తులతోని పతంగులకు పోత అన్నది. పో అన్న. సగం పిండి నేనే చుట్టిన, వంకర టింకర వచ్చినయ్.

ఈ ఆదివారం తొమ్మిదింటికి వరంగల్ చౌరస్తాల ఉండు, నేను అక్కడికే వస్త. ఏం కొనకు. ఆ పిల్ల తమ్ముడు క్యారంబోర్డు స్ట్రైకర్ పోగొట్టిండు, అదొక్కటి పట్టుకరా. వాడు దొంగాట ఆడుతడు, చిన్నోడు గదా అని ఊకోకు, గట్టిగ కొట్లాడు.