శనగ అని వెతికితే వేరుశనగ ఎందుకొచ్చింది?

ప్రశ్న: మాది నరసరావుపేట. ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతాను. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ అయ్యాక అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి ఎనిమిది నెలలు పైథాన్ ఫుల్‌స్టాక్ నేర్చుకుంది. మార్కెట్ యార్డుల్లో పంటల ధరలు చూపించే ఏపీఐ (వేరే యాప్‌లు అడిగితే డేటా ఇచ్చే ప్రోగ్రాం) ఒకటి జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు చేసే సాధనం) ప్రాజెక్టుగా చేసింది. పోయిన నెల ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో ల్యాప్‌టాప్ తెరిపించి 'శనగ' అని వెతకమన్నారట. వేరుశనగ కూడా వచ్చింది. ఎందుకొచ్చిందని అడిగారు. రెండు పంటలకు ఒకే ధర ఉంటే ఏది ముందొస్తుందని కూడా అడిగారు. అమ్మాయికి నోరు పెగల్లేదు. ఇప్పుడు 'వెబ్ డెవలప్‌మెంట్‌లో ఇంకేం లేదు నాన్నా, ఏఐ కోర్సులో చేరతా' అంటోంది. ఫీజు లక్షన్నర. చేర్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ఏఐ కోర్సు చెడ్డదని కాదు. చేతిలో ఉన్న ప్రాజెక్టులో ఒక మూల సగంలో ఆగిపోయింది, ఆ మూల దగ్గరే ఇంటర్వ్యూ పోయింది. దాన్ని అలాగే వదిలేసి కొత్త కోర్సుకు వెళ్తే, ఇంకో ఎనిమిది నెలల తర్వాత కొత్త ప్రాజెక్టులో కూడా ఇలాంటి చోటే ఆగుతుంది.

వాళ్లు అడిగింది ఏమిటో మీకు మీ దుకాణం లెక్కలోనే చెబుతాను. రైతు కౌంటర్ దగ్గరికొచ్చి 'ఇమిడా ఉందా' అంటాడు. మీరు ఇమిడాక్లోప్రిడ్ డబ్బా తీసి పెడతారు. ఇంకొకాయన పేరే చెప్పడు, 'పత్తిలో పచ్చదోమకు మందివ్వండి' అంటాడు. అదే డబ్బా తీస్తారు. అదే మందు నాలుగు కంపెనీలది ఉంటే ఏది ముందు పెట్టాలన్నది మీ ఇష్టం: గడువు దగ్గరపడిందా, ధర తక్కువదా, మార్జిన్ ఎక్కువున్నదా (ఇది మనలో మాట). అడిగింది సగమే అయినా సరైనది తీయడం సెర్చ్. తీసినవాటిలో ఏది ముందుపెట్టాలో తేల్చడం ఆర్డరింగ్. మీరు కౌంటర్ వెనక రోజుకు వందసార్లు చేసే పనే మీ అమ్మాయిని కోడ్‌లో చేసి చూపించమన్నారు.

ఇక్కడి నుంచి అమ్మాయితో మాట్లాడతాను. ఫోన్ తనకివ్వండి.

అమ్మా, నువ్వేం రాశావో చూడకుండానే ఊహించగలను. జాంగోతో ఏపీఐలు చేయడానికి వాడే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో సెర్చ్‌ఫిల్టర్, ఆర్డరింగ్‌ఫిల్టర్ రెండూ వ్యూకి (అడిగినదానికి జవాబిచ్చే కోడ్ ముక్కకి) తగిలించి, సెర్చ్ ఫీల్డ్స్‌లో పంట పేరు, మార్కెట్ పేరు ఇచ్చి ఉంటావు. నాలుగైదు లైన్లు. క్లాసులో అంతవరకే చెబుతారు. తప్పేం లేదు, మొదలుపెట్టాల్సింది అక్కడే. ఆ నాలుగు లైన్లు లోపల ఏం చేస్తున్నాయన్నది మాత్రం నువ్వు తెరిచి చూడలేదు.

సెర్చ్‌ఫిల్టర్ మామూలుగా చేసేది 'ఈ ముక్క ఆ పేరులో ఎక్కడైనా ఉందా' అని చూడటం. వేరుశనగలో శనగ ఉంది కాబట్టి వచ్చింది. ఫీల్డ్ పేరు ముందు ^ గుర్తు పెడితే ఆ ముక్కతో మొదలయ్యేవే వస్తాయి, వేరుశనగ పోతుంది. ఇంటర్వ్యూలో ఈ మాట చెప్పినా సగం మార్కులు పడేవి. పూర్తి మార్కులు ఎందుకు పడవంటే, ఆ గుర్తు పెట్టిన క్షణం నుంచి 'మిర్చి' అని వెతికితే 'ఎండు మిర్చి' కనిపించదు. అది ఎండుతో మొదలవుతుంది కదా.

అంటే ఎటు వెళ్లినా ఒకరికి నష్టం. అప్పుడేం చేస్తారు? రెండింటినీ రానిచ్చి, మొదలయ్యేవాటిని ముందు, మధ్యలో ఉన్నవాటిని తర్వాత పెడతారు. జాంగోలో కేస్, వెన్ అని ఉన్నాయి. వాటితో ప్రతి రికార్డుకూ ఒక తాత్కాలిక అంకె ఇవ్వు: ఆ మాటతో మొదలైతే 0, లేకపోతే 1. ఆ అంకె మీద వరస పెట్టు. శనగ పైన, వేరుశనగ కింద. సెర్చ్ సమస్య ఆర్డరింగ్‌తో తీరింది చూశావా? రెండూ వేరువేరు ఫీచర్లని నీ రెజ్యూమెలో రాసుకుని ఉంటావు.

ఒక జాగ్రత్త. వ్యూలో డిఫాల్ట్ ఆర్డరింగ్ అని తేదీ పెట్టి ఉంటే, ఆర్డరింగ్‌ఫిల్టర్ చివర్లో వచ్చి నువ్వు పెట్టిన వరసను తుడిచేసి తేదీ వరస పెడుతుంది. ఎర్రర్ కూడా రాదు. ఇక్కడ ఒక సాయంత్రం పోగొట్టుకుంటావు. పోగొట్టుకో, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక కథ మిగులుతుంది.

తెలుగు డేటాతో ప్రాజెక్టు చేశావు కాబట్టి మిగతావాళ్లకు లేని సమస్యలు నీకున్నాయి. అదే నీకున్న అదృష్టం. 'కంది' అని వెతికి చూడు. నీ టేబుల్లో 'కందులు' అని ఉంటే రాదు. మనిషి కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కు ఒకదాంట్లో ద మీద గుడి, రెండోదాంట్లో దకు కొమ్ము. 'పల్లీలు' అని కొడితే వేరుశనగ రాదు. గుంటూరు యార్డులో బాడిగ అనే రకం ఇంకో చోట బ్యాడగి అని రాసి ఉంటుంది. వీటికి తెలివైన కిటుకులేం లేవు. మారుపేర్ల టేబుల్ ఒకటి పెట్టి ప్రతి పంటకూ జనం వాడే పేర్లన్నీ చేత్తో ఎక్కించాలి, ఇంగ్లిష్ స్పెల్లింగులతో సహా. విసుగు పనే, కానీ ఈ విసుగు పని చేసినవాళ్లనే కంపెనీలు వెతుక్కుంటాయి.

ఇంకొకటి కంటికే కనిపించదు. 'మార్కెట్‌యార్డు' అని కలిపి రాసినప్పుడు ట్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం ఉంటుంది. యా వచ్చి ట కింద వత్తుగా అతుక్కోకుండా అడ్డుపడుతుంది. ఫోన్లో టైపు చేసేవాళ్లలో చాలామంది అది కొట్టరు. నీ డేటాలో ఉంటుంది, వాళ్ల ప్రశ్నలో ఉండదు. చదివే మనిషికి రెండూ ఒకే మాటైనా జత కుదరదు. వెతకడానికి విడిగా ఒక కాలమ్ పెట్టుకుని, సేవ్ చేసేటప్పుడు ఆ అక్షరాన్ని అందులోంచి తీసెయ్యి. యూజర్ పంపిన మాటలోంచీ తీసెయ్యి. సరిపోతుంది.

ఇక వాళ్లడిగిన రెండో ప్రశ్న: ఒకే ధర ఉంటే ఏది ముందు? నిజమైన జవాబు 'తెలియదండీ, డేటాబేస్ ఇష్టం'. ధర మీద మాత్రమే వరస అడిగితే, సమానంగా ఉన్నవాటిని ఏ వరసలో ఇస్తానన్న మాట పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఇవ్వదు. అది పైకి చిన్న విషయంలాగే కనిపిస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన ఒక లిస్టింగ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. మొదటి పేజీలో చివర కనిపించిన సరుకు రెండో పేజీ మొదట్లో మళ్లీ కనిపించేది, ఇంకో సరుకు ఏ పేజీలోనూ ఉండేది కాదు. ఆ సరుకు యజమాని ఫోన్ చేసి 'నాది ఎందుకు తీసేశారు' అని తిట్టాడు. నేను రెండు రోజులు పేజినేషన్ కోడ్ (లిస్టును పేజీలుగా విడగొట్టేది) తవ్వాను. తప్పు అక్కడ లేదు, వరసలో ఉంది. ధర తర్వాత ఐడీని (ప్రతి రికార్డుకూ ఉండే విడి నంబరును) కూడా జోడిస్తే ప్రతిసారీ ఒకే వరస వస్తుంది. యూజర్ ధర మీద వరస అడిగినప్పుడు ఆర్డరింగ్‌ఫిల్టర్ ఐడీని తనంతట తాను కలపదు. ఆ క్లాసును నువ్వు వారసత్వంగా తీసుకుని, గెట్ ఆర్డరింగ్ అనే మెథడ్‌లో చివర ఐడీ కలపాలి. మూడు లైన్ల పని.

ధర గురించే ఇంకో రెండు సంగతులు. సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) నుంచి ఎక్కించేటప్పుడు ధరను టెక్స్ట్‌గా పెట్టావేమో చూడు. టెక్స్ట్ అయితే ఎక్కువ నుంచి తక్కువకు వరస పెట్టినప్పుడు 18000 పైన 9500 వచ్చి కూర్చుంటుంది, ఒకటి కన్నా తొమ్మిది పెద్దది కాబట్టి. రెండోది, యార్డుకు సెలవైన రోజు ధర ఖాళీగా ఉంటుంది కదా. నీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఉంటే అవరోహణ వరసలో ఖాళీలు అడుగుకు పోతాయి, బాగానే కనిపిస్తుంది. సర్వర్లో పోస్ట్‌గ్రెస్ పెట్టగానే అవే ఖాళీలు అన్నింటికన్నా పైకొస్తాయి. 'ఎక్కువ ధర ముందు' అని నొక్కిన రైతుకు మొదటి పేజీ నిండా ఖాళీ గడులు. ఖాళీలు చివరికి పోవాలని జాంగోలో నల్స్ లాస్ట్ అని స్పష్టంగా చెప్పాలి.

అందరికీ అన్ని కాలమ్‌లూ తెరిచిపెట్టకు. ఆర్డరింగ్ ఫీల్డ్స్‌లో తేదీ, ధర, పంట పేరు చాలు. బద్ధకించి అక్కడ 'ఆల్' అని రాస్తే, బయటికి చూపించని కాలమ్ మీద కూడా వరస అడగొచ్చు. కమీషన్ ఏజెంటు ఫోన్ నంబరు దాచావనుకో, ఆ నంబరు వరసలో లిస్టు తెప్పించుకుంటే ఎవరి నంబరు ఎవరి తర్వాతో తెలిసిపోతుంది. నువ్వు అనుమతించని పేరు పంపితే ఫ్రేమ్‌వర్క్ దాన్ని పట్టించుకోకుండా మామూలు వరసే ఇస్తుంది, తప్పని చెప్పదు. అది మంచిదా, 400 ఎర్రర్ (అడిగిన తీరు తప్పని చెప్పే కోడ్) ఇవ్వడం మంచిదా అని అడుగుతారు. నేనైతే ఎర్రర్ వైపే, ఎందుకంటే స్పెల్లింగ్ తప్పు కొట్టిన డెవలపర్‌కు వెంటనే తెలుస్తుంది. నీ అభిప్రాయం వేరే అయినా ఫర్వాలేదు, కారణం చెప్పగలిగితే చాలు. ఏమీ దొరక్కపోతే మాత్రం 404 (అలాంటి చిరునామాయే లేదనే ఎర్రర్) ఇవ్వకు, 200తో (అంతా సరే అనే కోడ్‌తో) ఖాళీ లిస్టు ఇవ్వు. వెతకడం జరిగింది, దొరకలేదు, అంతే.

ఫ్రేమ్‌వర్క్ లేకుండా రాయమంటే ఏం చేస్తావని కూడా అడగొచ్చు. యూజర్ పంపిన కాలమ్ పేరును నేరుగా డేటాబేస్‌కు వరస చెప్పే ఆర్డర్ బై పక్కన అతికిస్తానంటే అక్కడితో ఇంటర్వ్యూ ముగిసినట్టే, అది ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (బయటివాళ్లు తమ ఆదేశాలను డేటాబేస్‌లోకి దూర్చడానికి) తలుపు తెరవడం. విలువలకు ప్లేస్‌హోల్డర్ (విలువను విడిగా నింపే ఖాళీ) పనిచేస్తుంది, కాలమ్ పేర్లకు పనిచేయదు. అనుమతించిన పేర్ల జాబితాతో సరిచూసుకోవాలి.

చివరిగా వేగం. నీ టేబుల్లో ఐదారు వందల రికార్డులుంటాయి. ఏం రాసినా వేగంగానే ఉంటుంది. ఒక చిన్న స్క్రిప్టు రాసి ఐదు లక్షల దొంగ రికార్డులు నింపు. అప్పుడు 'మధ్యలో ఎక్కడైనా ఉందా' అనే సెర్చ్‌ను ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో (డేటాబేస్ ఎలా వెతికిందో, ఎంత సమయం పట్టిందో చెప్పే ఆదేశంతో) నడిపి చూడు. మామూలు ఇండెక్స్ పెట్టినా అది వాడుకోకుండా టేబుల్ మొత్తం చదువుతుంది. ఫోన్ బుక్కులో ఇంటిపేరు మొదటి అక్షరం తెలిస్తే పేజీ తీయగలం, మధ్య అక్షరం మాత్రమే తెలిస్తే మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోవాల్సిందే. పోస్ట్‌గ్రెస్‌లో మాటలను మూడేసి అక్షరాల ముక్కలుగా పెట్టుకునే ట్రైగ్రామ్ ఇండెక్స్ అని ఒకటుంది, దాని గురించి చదువు. పెట్టక ముందు ఎంత సమయం, పెట్టాక ఎంత సమయం, రెండు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకో. ఎలాస్టిక్‌సెర్చ్ అనే విడి సెర్చ్ సర్వర్ జోలికి ఇప్పుడు పోవద్దు.

ఇదంతా మూడు వారాల పని, రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే. అయ్యాక రెజ్యూమెలో 'ఏపీఐలో సెర్చ్, సార్టింగ్ ఇంప్లిమెంట్ చేశాను' అన్న లైను కొట్టేసి, 'తెలుగు పంట పేర్ల మారుపేర్లతో సెర్చ్, ఐదు లక్షల రికార్డుల మీద పరీక్ష, సమయం ఇంత నుంచి ఇంతకు తగ్గింది' అని నీ అంకెలతో రాయి. చదివినవాళ్లు దాని గురించే అడుగుతారు. నీకు తెలిసిన చోటికి వాళ్లను నువ్వే తీసుకెళ్లినట్టు.

ఏఐ మీద మనసుంటే తప్పకుండా వెళ్లు, నాలుగైదు నెలలాగి. ఇప్పుడు ఆ కోర్సుల్లో ఆర్‌ఏజీ అని ఒకటి చెబుతున్నారు. అందులో మోడల్‌ను అడిగే ముందు జరిగేది ఇదే: సరైన కాగితాలు వెతికి తీయడం, పనికొచ్చేవి పైన పెట్టి మోడల్ చేతికివ్వడం. శనగకు వేరుశనగ తీసిచ్చే సెర్చ్ పెట్టుకుంటే ఆ మోడల్ కూడా శనగ ధర అడిగితే వేరుశనగ ధర చెబుతుంది.

నాన్నగారూ, మీకూ ఒక పని. యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలే రైతులు మీ దుకాణానికి వస్తుంటారు కదా. అమ్మాయి ఓ నాలుగు రోజులు కౌంటర్ పక్కన కూర్చుంటుంది. ఫోన్ వాళ్ల చేతికిచ్చి 'మీ పంట ధర వెతకండి' అనమనండి. వాళ్లు కొట్టిన మాటలన్నీ, తప్పులతో సహా, మైకులో చెప్పినవి కూడా, ఒక పుస్తకంలో రాసుకోనివ్వండి. మారుపేర్ల టేబుల్ అక్కడి నుంచే నిండాలి.